శుక్రవారం బండి లేకపోతే: న్యూజెర్సీ రైలు సమ్మె ముంగిట ఒక చర్చ

(2025 మే 14, బుధవారం సాయంత్రం ఎడిసన్‌లోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు ముగ్గురు: మెట్రోపార్క్ రైలు స్టేషను నుంచి మన్‌హాటన్‌కు రోజూ వెళ్లివచ్చే ఉద్యోగిని, రవాణా ప్రణాళికలో పనిచేసిన ఒక నిపుణుడు, కూతురింటికి వచ్చి ఉన్న విజయవాడ విశ్రాంత రైలు డ్రైవరు. వారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. రేపు రాత్రి పన్నెండు దాటి ఒక్క నిమిషం అయ్యేసరికి న్యూజెర్సీ ట్రాన్సిట్ సంస్థ రైళ్లు ఆగిపోవచ్చు. ఆగకపోనూవచ్చు. జీతాల గొడవ మీద మొన్న సోమవారం సంస్థా, రైలు నడిపేవాళ్ల యూనియనూ వాషింగ్టన్‌లో జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు ముందు కూర్చున్నాయి. ఇంకా తేలలేదు. ముందుగా ఒక చిన్న గందరగోళం తీర్చేస్తాను. ‘ఇంజినీర్ల సమ్మె’ అని వార్తల్లో విని మా అత్తగారు కంగారుగా ‘మీవాళ్లేనా?’ అని అడిగారు. కాదండీ. ఇక్కడ రైలు నడిపే డ్రైవరును ఇంజినీరు అంటారు. వాళ్లు సుమారు 450 మంది.

విశ్రాంత డ్రైవరు: మమ్మల్ని ముప్ఫయ్యేళ్లు డ్రైవరనే పిలిచారు. రిటైరయ్యే ముందు లోకో పైలట్ అన్నారు. ఇంజినీరని మాత్రం ఎవరూ అనలేదు. ఇక్కడ పుట్టి ఉంటే మా నాన్న కోరిక తీరేది.

వ్యాఖ్యాత: (నవ్వు) అమ్మా, మీరు చెప్పండి. రైలు ఆగితే మీ ఇంట్లో ముందుగా ఏది తలకిందులవుతుంది?

ఉద్యోగిని: మా పాప బడి. ఉదయం పాపను దించి, మెట్రోపార్క్‌లో కారు పెట్టి, ప్లాట్‌ఫారం మీద నా చోట నిలబడతాను. నా చోట అన్నది నిజంగానే. తలుపు ఎక్కడ ఆగుతుందో రోజూ వెళ్లేవాళ్లందరికీ తెలుసు. మూడో స్తంభం పక్కన ఒక గళ్ల చొక్కా పెద్దమనిషి, నేను, ఎప్పుడూ ఫోనులో అరవంలో మాట్లాడే ఒక అమ్మాయి. నాలుగేళ్లుగా పక్కపక్కనే నిలబడుతున్నాం, ఒకరి పేరు ఒకరికి తెలియదు. నిన్న మొదటిసారి ఆ పెద్దమనిషి నా వైపు తిరిగి ‘శుక్రవారం ఏం చేస్తున్నారు?’ అని అడిగాడు.

వ్యాఖ్యాత: ఏమని చెప్పారు?

ఉద్యోగిని: కారులో పోదామనుకుంటున్నానన్నాను. ఆయన ఏమీ అనకుండా జాలిగా చూశాడు.

నిపుణుడు: ఆ చూపుకు అర్థం నేను లెక్కలో చెబుతాను. హడ్సన్ నది కింద నుంచి మన్‌హాటన్‌కు వెళ్లే లింకన్ సొరంగం సుంకం ఉదయం రద్దీ వేళ 16 డాలర్ల 6 సెంట్లు. ఈ జనవరి నుంచి మన్‌హాటన్‌లో 60వ వీధికి దిగువన అడుగు పెడితే రద్దీ రుసుము మరో 9 డాలర్లు. సొరంగంలో వచ్చినందుకు అందులో 3 డాలర్లు తగ్గిస్తారు. అంటే 22 డాలర్లు దాటింది. దానికి టర్న్‌పైక్ హైవే సుంకం, అక్కడ పార్కింగ్ కలపండి. డబ్బు సంగతి అలా ఉంచితే, రోజూ రైల్లో వెళ్లేవాళ్లలో పది మందికి ఒక్కరు మీలాగే అనుకున్నా ఆ సొరంగం ముందు ఏమవుతుందో ఊహించుకోండి.

ఉద్యోగిని: నలుగురం కలిసి వెళితే?

నిపుణుడు: తలకు ఐదున్నర పడుతుంది, డబ్బుకు పరవాలేదు. సమయం మాత్రం కలిసిరాదు. నేను చెప్పదలచింది ఒకటే. రైలు చేసే పని మొత్తం కారుతో చేయించాలని చూడకండి. మనకు కావలసింది హడ్సన్ నది దాటడం. ఏదో ఒక దారిన నది ఒడ్డుకు చేరండి, అక్కడి నుంచి దాటించేవి ఇంకా నడుస్తూనే ఉంటాయి.

వ్యాఖ్యాత: ఏవేవి నడుస్తాయి?

నిపుణుడు: పాత్ రైలు నడుస్తుంది. నెవార్క్, జెర్సీ సిటీల నుంచి మన్‌హాటన్‌కు వెళ్లేది. అది పోర్ట్ అథారిటీ అనే వేరే సంస్థది, ఈ గొడవతో సంబంధం లేదు. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, టికెట్టు 3 డాలర్లు. దేశమంతా తిరిగే దూరప్రయాణ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ నడుస్తుంది. లైట్ రైలు, ట్రాన్సిట్ బస్సులు, ఫెర్రీలు నడుస్తాయి. ఎడిసన్, ఉడ్‌బ్రిడ్జ్ వాళ్లు టర్న్‌పైక్ మీద 15వెస్ట్ ఎగ్జిట్ దగ్గర దిగి హారిసన్‌లో కారు పెట్టి పాత్ ఎక్కవచ్చు. కాకపోతే ఆ ఆలోచన మీ ఒక్కరికే రాదు. ఏడింటికి ముందు చేరకపోతే చోటు దొరకదు. ఓల్డ్ బ్రిడ్జ్, సేర్‌విల్ వైపు వాళ్లు సౌత్ ఆంబోయ్ ఫెర్రీని గుర్తుపెట్టుకోవాలి. 2023లో మొదలైంది, మనవాళ్లలో చాలామందికి అది ఉందనే తెలియదు. రూట్ 9 మీద 139 నంబరు బస్సు ఎలాగూ ఉంది.

ఉద్యోగిని: బస్సు కూడా ఆ సొరంగం ముందే కదా నిలబడాలి?

నిపుణుడు: ఉదయం అక్కరలేదు. రూట్ 495 మీద లింకన్ సొరంగం దాకా రెండున్నర మైళ్లు బస్సులకే ఒక వరుస వదిలేస్తారు. 1970 నుంచీ ఉంది. మీరు కారులో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే పక్కనుంచి బస్సు దూసుకుపోతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ సౌకర్యం లేదు. అందుకే వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు పాత్ అని విడదీసుకున్నా తప్పులేదు. రెండు వైపులా ఒకే దారి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

వ్యాఖ్యాత: ఆమ్‌ట్రాక్ మెట్రోపార్క్‌లోనే ఆగుతుంది కదా. అంతకంటే సులువు ఏముంది?

నిపుణుడు: ఆగుతుంది. ముందే టికెట్టు కొనుక్కోవాలి, మీ ట్రాన్సిట్ పాసు అక్కడ చెల్లదు. విమానం టికెట్టులాగా గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది. వారంలో ఒక రోజు తప్పనిసరి సమావేశం ఉంటే దానికి వాడుకోండి. రోజూ అంటే జేబు చిరుగుతుంది.

వ్యాఖ్యాత: ప్రత్యేక బస్సులు వేస్తామన్నారు...

నిపుణుడు: నాలుగు చోట్ల నుంచి. సికాకస్, హోమ్‌డెల్‌లోని పీఎన్‌సీ ఆర్ట్స్ సెంటర్, హామిల్టన్ స్టేషను, ఉడ్‌బ్రిడ్జ్ సెంటర్ మాల్. ఇక్కడ మూడు సంగతులు జాగ్రత్తగా వినాలి. అవి సోమవారం, అంటే 19వ తేదీన మొదలవుతాయి. శుక్రవారం ఉండవు. పనిదినాల్లో, రద్దీ వేళల్లో మాత్రమే తిరుగుతాయి. ముందు వచ్చినవారికి ముందు సీటు. ఇక మామూలు బస్సులూ ఈ బస్సులూ అన్నీ కలిపినా రైలు ప్రయాణికుల్లో 20 శాతానికి మించి మోయలేమని సంస్థే చెప్పింది.

ఉద్యోగిని: మిగతా ఎనభై మంది?

నిపుణుడు: ఇంటి నుంచి పని చేయగలిగినవాళ్లు ఇంట్లోనే ఉండమన్నారు. నేనూ అదే అంటాను.

ఉద్యోగిని: మీరు అనడం తేలిక సార్. మా ఆఫీసులో వారానికి నాలుగు రోజులు రావాలని జనవరి నుంచి పట్టుబట్టారు. నిన్న మా మేనేజరును అడిగితే ‘చూద్దాం’ అన్నారు. ఆ చూద్దాం శుక్రవారం పొద్దున తేలితే నాకు ఏం లాభం?

నిపుణుడు: నోటితో అడిగితే చూద్దామనే అంటారు. ఈ రాత్రికే రెండు ముక్కలు ఈమెయిలు రాయండి. ‘సమ్మె జరిగితే ఫలానా రోజులు ఇంటి నుంచి పనిచేస్తాను, ఫలానా రోజు తప్పనిసరి కనుక వస్తాను, పదింటికి చేరతాను’ అని. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా ఏర్పాటు తెలియజేస్తున్నట్టు రాయండి. సీటు మిగిల్చినట్టూ అవుతుంది. ఆ ఇరవై శాతం సీట్లు వంటవాళ్లకు, ఆసుపత్రి ఆయాలకు, కంప్యూటరుతో పని తీరనివాళ్లకు దక్కాలి.

వ్యాఖ్యాత: బాబాయిగారూ, మీరు ఇందాకటి నుంచి ఏదో అనబోయి ఆగుతున్నారు.

విశ్రాంత డ్రైవరు: ఏమీ లేదు. అందరూ సీట్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ ఇంజిన్‌లో ఉన్నదీ ఒక సీటే కదా. 1974 మే 8న మా దగ్గర సమ్మె మొదలైనప్పుడు నేను బెజవాడ లోకో షెడ్డులో క్లీనరును. చేరి ఏడాది కాలేదు. ఇరవై రోజులు. క్వార్టర్ల నుంచి సామాన్లు బయట పెట్టించారు, జైళ్లు నింపారు. అప్పుడు డ్రైవరు ఇంటికి అర్ధరాత్రి కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. తలుపు కొట్టి, లాంతరు పైకెత్తి, ఇక్కడ సంతకం పెట్టండి, ఫలానా బండి అనేవాడు. ఆ తలుపు చప్పుడుకు ఇల్లంతా లేచేది. ఆ పని గంటలు తగ్గించమని అడిగితేనే కదా ఇదంతా మొదలైంది.

ఉద్యోగిని: బాబాయిగారూ, మీ కష్టం కాదనను. వీళ్ల జీతాలు విన్నారా? సగటున లక్షా ముప్ఫయ్యైదు వేల డాలర్లని సంస్థ చెబుతోంది. పోయిన జూలైలో నా టికెట్టు 15 శాతం పెంచారు. నేను కట్టే డబ్బుతో నాకే రైలు లేకుండా చేస్తారా?

విశ్రాంత డ్రైవరు: ఓవర్‌టైముతో కలిపి చెప్పారమ్మా ఆ లెక్క. యూనియన్ వాళ్లు లక్షా పదమూడు వేలంటున్నారు. అదే పట్టాల మీద పక్కన ఆమ్‌ట్రాక్ బండి నడిపేవాడికి ఎక్కువ ఇస్తుంటే వీళ్లకు మండదా? 2019 నుంచి పెంపు లేదట.

వ్యాఖ్యాత: మార్చిలో ఒక ఒప్పందం కుదిరిందనుకున్నారు. ఏప్రిల్‌లో సభ్యులు 87 శాతం మంది వద్దన్నారు. సంస్థ అధిపతి క్రిస్ కొల్లూరి వాదన ఏమిటంటే, వీళ్లకు అడిగినంత ఇస్తే మిగతా యూనియన్లన్నీ మాకూ అంతే అంటాయని. కొల్లూరి అన్న ఇంటిపేరు విని మన శ్రోతలు కొందరు ‘మనవాడే, ఒక మాట చెప్పండి’ అని మాకు ఫోన్లు చేస్తున్నారు. ఆయన ఫోను నంబరు మా దగ్గర లేదని మనవి.

నిపుణుడు: ఎవరిది న్యాయమన్నది ఈ గంటలో తేలదు. 1983లో ఇలాగే ఆగినప్పుడు వారాల తరబడి రైళ్లు లేవు. 2016లో ఆఖరి గడియలో ఆగింది. రెండింటికీ సిద్ధపడాలి. ఈసారి ఊరికే బెదిరింపు కాదనడానికి నాకు ఒక గుర్తు కనిపిస్తోంది. మెట్‌లైఫ్ స్టేడియంలో రేపు, ఎల్లుండి షకీరా కచేరీలు. వాటికి రైళ్లూ బస్సులూ వేయబోమని ముందే చెప్పేశారు. తిరుగు బండి లేక అర్ధరాత్రి జనం చిక్కుకుపోతారన్న భయం లేకపోతే ఆ మాట అనరు.

వ్యాఖ్యాత: అంటే రేపు సాయంత్రమే అసలు పరీక్ష.

నిపుణుడు: అవును. రాత్రి 11 గంటల 59 నిమిషాలకల్లా ఇంటికి చేరేలా ప్రయాణం ముగించుకోమన్నారు. ఆఖరి బండి కోసం చూడకండి. అందరూ ఆఖరి బండినే నమ్ముకుంటే అందులో నిలబడే చోటు ఉండదు. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు లాప్‌టాప్, ఛార్జరు, మందులు అక్కడ వదలకండి. కారు స్టేషనులో ఉంచి మన్‌హాటన్‌లో నిద్ర చేసే ఆలోచన అసలే వద్దు.

ఉద్యోగిని: నెవార్క్ విమానాశ్రయానికి వెళ్లేవాళ్ల సంగతి? మా ఆడపడుచు శనివారం హైదరాబాదు వెళుతోంది.

నిపుణుడు: ఎవరినైనా దించమనండి. గత నెలాఖరు నుంచి అక్కడ రాడార్ల గొడవతో విమానాలే ఆలస్యమవుతున్నాయి. మూడు గంటల ముందు అనుకుంటే నాలుగు గంటలు చేసుకోండి.

వ్యాఖ్యాత: ఒక ఫోను ఉంది. చెప్పండి.

ఫోనులో శ్రోత: నమస్తే అండీ. నేను మన్‌హాటన్‌లో ఒక హోటల్లో వంట చేస్తాను. ఉండేది ఓక్‌ట్రీ రోడ్డు దగ్గర, ఐదుగురం ఒక ఇంట్లో. కారు లేదు, లైసెన్సూ లేదు. పని అయ్యేసరికి రాత్రి పదకొండున్నర. ఇందాకటి నుంచి వింటున్నాను. అన్నీ పొద్దున వెళ్లేవాళ్ల గురించే చెబుతున్నారు.

(కొద్దిసేపు మౌనం)

నిపుణుడు: మీ మాట నిజం. ప్రత్యేక బస్సులు మీ వేళకు ఉండవు. వెళ్లడం కష్టం కాదు, మధ్యాహ్నం ఎవరో ఒకరితో నెవార్క్ దాకా వెళ్లి పాత్ ఎక్కవచ్చు. రావడమే చిక్కు. పాత్ అర్ధరాత్రి కూడా మిమ్మల్ని నెవార్క్‌కు చేరుస్తుంది. అక్కడి నుంచి ఎడిసన్‌కు ఆ వేళ నేను నమ్మకంగా చెప్పగలిగిన దారి లేదు. మీ యజమానిని పగటి షిఫ్టు అడిగి చూడండి.

శ్రోత: అడిగాను. అందరూ అదే అడుగుతున్నారన్నారు.

ఉద్యోగిని: జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర తెలిసినవాళ్లు ఎవరూ లేరా? నాలుగు రాత్రులు పడుకోవడానికి? అక్కడైతే పాత్ స్టేషను నుంచి నడిచిపోవచ్చు.

శ్రోత: ఒకతను ఉన్నాడమ్మా. వాళ్లింట్లోనే ఆరుగురున్నారు. మంగళవారం నుంచి అయితే ఒకరు ఊరికి వెళతారట, చోటు ఉంటుంది. శుక్రవారం, శని, ఆదివారాలే తెలియడం లేదు. శని, ఆదివారాలు మాకు ఎక్కువ పని.

విశ్రాంత డ్రైవరు: బాబూ, మా అల్లుడు నెవార్క్‌లో ఆసుపత్రిలో పనిచేస్తాడు. రాత్రి పన్నెండున్నరకు డ్యూటీ దిగుతాడు. వచ్చేది ఎడిసన్‌కే.

శ్రోత: నిజంగానా అండీ?

విశ్రాంత డ్రైవరు: శుక్ర, శనివారాలు డ్యూటీ ఉందని తెలుసు. ఆదివారం సంగతి తెలియదు. అతన్ని అడగకుండా మాట ఇవ్వలేను. అడిగితే కాదనడు, మా అమ్మాయి కాదననివ్వదు. నువ్వు లైన్‌లోనే ఉండు.

వ్యాఖ్యాత: మా వాళ్లు మీ నంబరు తీసుకుంటారు, ఫోను పెట్టేయకండి.

శ్రోత: ఉంటానండీ. నెవార్క్ పెన్ స్టేషను దగ్గరేనా? ఏ వైపు నిలబడాలి?

విశ్రాంత డ్రైవరు: అది కూడా అతన్నే అడగాలి. నాకు ఇక్కడి స్టేషన్లు తెలియవు.