సెట్టు, రన్ను, ఒక సున్నా

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

నిఘంటువుల మీద మాట్లాడమన్నారు. రెండే మాటలు పట్టుకుంటాను: సెట్, రన్. వీటికి చుట్టరికం లేదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగైన వివరణ సెట్‌దే. క్రియగానే సుమారు 430 అర్థాలు. పొద్దు గుంకినా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే, విరిగిన ఎముక సరిచేసినా, ఉచ్చు పన్నినా సెట్టే. తర్వాత రన్ దాన్ని దాటేసింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు నెలల తరబడి కూర్చుని ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చాడు. యంత్రాలొచ్చాయి కదండీ! రైలు, ఇంజను, కంప్యూటర్‌లో ప్రోగ్రాము, అన్నీ రన్ కావలసిందే.

ఇంకో తమాషా. టీ సెట్టులోని సెట్టూ, ఈ క్రియా ఒక తల్లి బిడ్డలు కావు. గుంపు అనే అర్థం లాటిన్‌లోని సెక్టా నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. క్రియేమో ఇంగ్లిషు సొంత ఆస్తి. మనవాళ్లేం తక్కువ తినలేదు, పెళ్లి సంబంధాన్ని కూడా సెట్ చేసేశారు! ఎంసెట్ సంగతి వేరు లెండి, అది పొడి అక్షరాల సెట్టు.

సరే, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను తొలిచేది ఇంకొకటుంది. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు, వాళ్లమ్మ టిఫిన్ బండి పెట్టుకుని బతికేది. పరీక్షలో రన్‌కి అర్థం రాయమంటే ‘నడుపు’ అని రాశాడు. వాడింట్లో అదే కదా అర్థం! దిద్దినాయన సున్నా వేశాడు. గైడులో ‘పరుగెత్తు’ అనుందట. సున్నా! 645 అర్థాల్లో ఒకటి పట్టుకున్నవాడికి సున్నా అండీ. అడగబోతే, ‘మాస్టారూ, కీలో ఏముంటే అదే’ అన్నారు. నాకిప్పటికీ మండుతుంది.

గిలివర్ గురించి ఇంకా చెప్పాలని కాగితం రాసుకొచ్చాను, వద్దులెండి. అదిగో, ఆ మూల బీరువాలో నిఘంటువులున్నాయి, తాళం వేసి. తాళంచెవి ఎవరి దగ్గరుందండీ? ఇవాళే తీయించి పిల్లలకందే బల్ల మీద పెట్టించండి. పేజీలు చిరిగితే బైండింగు ఖర్చు నాది.