తట్టు వచ్చిన ఇంట్లో తాలింపు

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా తట్టు వస్తే అమ్మమ్మ ముందు చేసే పని తాలింపు ఆపేయడం. గుమ్మానికి వేపమండలు కట్టేది. పొయ్యి మీద చుక్క నూనె కాగకూడదు. గుడ్డు మాట ఎత్తకూడదు. వారం పది రోజులు చప్పిడి అన్నం, మజ్జిగ, అంతే. బిడ్డ మీద ప్రేమతోనే చేసేది. ఆ పథ్యం గురించి ఈరోజు మీతో మాట్లాడాలి. కానీ ముందు ఇండోనేషియా వెళ్లి వద్దాం.

1970ల చివర్లో ఆల్‌ఫ్రెడ్ సోమర్ అనే అమెరికన్ కంటి డాక్టరు జావా ద్వీపంలోని పల్లెల్లో పనిచేశారు. ఒంట్లో విటమిన్ ఎ తగ్గితే ముందు వచ్చేది రేచీకటి. అక్కడివాళ్లు దాన్ని కోడి గుడ్డితనం అంటారు. పొద్దుగూకితే కోడికి కళ్లు కనిపించవు కదా, అలా. సోమర్ బృందం దాదాపు నాలుగు వేల మంది పిల్లల్ని మూడు నెలలకోసారి, ఏడాదిన్నర పాటు ఇల్లిల్లూ తిరిగి చూసింది. చూసింది కళ్లే. వెతికింది కంటి జబ్బే.

తర్వాత 1982లో అమెరికాలో కూర్చుని ఆ లెక్కలు తిరగేస్తుంటే ఆయనకి ఒక విషయం కనిపించింది. రేచీకటి ఉందని రాసుకున్న పిల్లల్లో కొందరు తర్వాతి విడత లెక్కల్లో లేరు. వాళ్లు ఊరొదిలి వెళ్లలేదు. చనిపోయారు. కళ్లు బాగున్న పిల్లలకంటే నాలుగు రెట్లు ఎక్కువగా చనిపోయారు. కంటి జబ్బు ముదిరినకొద్దీ చావులూ పెరిగాయి. కన్ను కనిపించనంత మాత్రాన పసిబిడ్డ చనిపోడు కదా! ఆ పిల్లలకే విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువగా వచ్చాయని అవే లెక్కల్లో తేలింది. ఈ కథ నేను ఎన్నిసార్లు చదివినా ఆ ఖాళీ గళ్ల దగ్గర ఆగిపోతాను.

చాలామంది నమ్మలేదు. పేదరికం వల్ల చనిపోయి ఉంటారన్నారు. సరే, పరీక్షిద్దామన్నారు సోమర్. సుమత్రాలోని అచే ప్రాంతంలో 450 పల్లెలు తీసుకున్నారు. సగం పల్లెల్లో పిల్లలకి ఆర్నెల్లకోసారి విటమిన్ ఎ ఇచ్చారు, మిగతా సగంలో వెంటనే ఇవ్వలేదు. ఇచ్చిన పల్లెల్లో చిన్నపిల్లల చావులు మూడో వంతు తగ్గాయి. ఆ ఫలితాలు 1986లో వెలువడ్డాయి.

ఎందుకిలా? మన ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, పేగుల లోపల ఒక మెత్తటి పొర ఉంటుంది. ఎప్పుడూ తడిగా, జిగటగా ఉంటుంది. క్రిములు ఆ జిగటలో చిక్కుకుంటాయి. విటమిన్ ఎ లేకపోతే ఆ పొర ఎండి గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి అలకని మట్టిగోడ ఎలా పెళుసై బీటలిస్తుందో అలా. పైగా, పేగులకి కాపలాగా వెళ్లాల్సిన తెల్లకణాలకి దారి చెప్పేది కూడా విటమిన్ ఎ నుంచి తయారయ్యే పదార్థమే.

అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరీక్షలో చావుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే 1990లో వెలువడిన తిరుచిరాపల్లి పరీక్షలో, వారం వారం చిన్న మోతాదు ఇస్తే చావులు సగానికి తగ్గాయి. దీని మీద శాస్త్రవేత్తల వాదన ఇంకా నడుస్తోంది.

తట్టు మాట వేరు. తట్టు ఒంట్లో ఉన్న విటమిన్ ఎని గబగబా ఖర్చు చేసేస్తుంది. టాంజానియాలో ఒక ఆసుపత్రిలో తట్టు వచ్చిన 180 మంది పిల్లల మీద పరీక్ష చేశారు. మామూలు వైద్యం మాత్రమే అందిన 88 మందిలో 12 మంది చనిపోయారు. దాంతోపాటు విటమిన్ ఎ కూడా ఇచ్చిన 92 మందిలో ఆరుగురు. అందుకే తట్టు వచ్చిన ప్రతి బిడ్డకీ విటమిన్ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు మళ్లీ మా అమ్మమ్మ వంటింటికి వద్దాం. విటమిన్ ఎ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. మునగాకులో, తోటకూరలో, బొప్పాయిలో ఉన్నది పేగుల్లోంచి లోపలికి వెళ్లాలంటే కాస్త నూనో నెయ్యో తోడుండాలి. గుడ్డు పచ్చసొనలో నేరుగా విటమిన్ ఎ ఉంది. మనం పథ్యం పేరుతో సరిగ్గా వాటినే ఆపేస్తున్నాం. ఒంట్లో నిల్వ కరిగిపోతున్న రోజుల్లోనే ఆపేస్తున్నాం.

అమ్మలారా, వేపమండలు కట్టుకోండి, తప్పులేదు. తాలింపు మాత్రం ఆపకండి. నోరు పూసి బిడ్డ తినలేకపోతే, పప్పన్నం మెత్తగా చేసి నెయ్యి వేసి కొంచెం కొంచెంగా పెట్టండి. తల్లిపాలు మాన్పించకండి. తట్టు కనిపించిన రోజే బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్లి, విటమిన్ ఎ ఇస్తారా అని మీరే అడగండి. మందుల షాపులో కొని సొంతంగా వేయకండి, ఎక్కువైతే అది విషం. ఆసుపత్రిలో ఏడాది దాటిన బిడ్డకి రెండు లక్షల యూనిట్లు ఇస్తారు, అంతకంటే చిన్నవాళ్లకి తక్కువ. అదీ వరసగా రెండు రోజులు ఇవ్వాలి. మొదటి రోజు వేయించుకుని జ్వరం తగ్గిందని చాలామంది మళ్లీ వెళ్లరు. మర్నాడు కూడా వెళ్లండి.