రన్‌వే మీద ఆ లైట్లేంటి?

[తెర నల్లగా ఉంటుంది. దూరంగా రెండు లైట్ల వరసలు మెల్లగా దగ్గరవుతుంటాయి.]

2017 జులై 7. శాన్‌ఫ్రాన్సిస్కోలో రాత్రి 11 గంటల 56 నిమిషాలు. టొరంటో నుంచి వచ్చిన ఎయిర్ కెనడా 759 విమానం 140 మందితో దిగబోతోంది. బే ఏరియాలో ఉండే మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన ఎయిర్‌పోర్టే ఇది.

పైలట్ టవర్‌ని అడిగారు: రన్‌వే మీద ఏవో లైట్లు కనిపిస్తున్నాయి, దిగడానికి క్లియరెన్స్ ఉన్నట్టేనా?

కంట్రోలర్ జవాబిచ్చారు: ఉంది, 28ఆర్ మీద మీరు తప్ప ఎవరూ లేరు.

కంట్రోలర్ చెప్పింది నిజం, 28ఆర్, అంటే కుడి రన్‌వే, ఖాళీగానే ఉంది. పైలట్‌కి కనిపించిన లైట్లూ నిజమే. కానీ విమానం వెళ్తున్నది 28ఆర్ మీదకి కాదు.

[పైనుంచి మ్యాప్. పక్కపక్కనే మూడు దారులు. ఎడమ దారి చీకటిగా, దాని చివర వెలిగే ‘ఎక్స్’ గుర్తు.]

ఎడమ రన్‌వే 28ఎల్‌ను ఆ రాత్రి పనుల కోసం మూసి, లైట్లు ఆపేశారు. బయల్దేరే ముందు ఇచ్చిన కాగితాల్లో ఆ సంగతి ఉంది, కానీ పైలట్ల మనసులో నిలవలేదు. అక్కడ ఎప్పుడూ రెండు రన్‌వేలుంటాయి కాబట్టి వాళ్ళ కళ్ళు రెండింటి కోసమే వెతికాయి. 28ఆర్‌ను 28ఎల్ అనుకున్నారు. దాని కుడిపక్క ఉన్న ట్యాక్సీవేను, అంటే విమానాలు రన్‌వే దాకా నేలమీద వెళ్ళే దారిని, 28ఆర్ అనుకున్నారు. ఆ ట్యాక్సీవే మీద నాలుగు విమానాలు టేకాఫ్ కోసం వరసగా నిలబడి ఉన్నాయి. నిండా ప్రయాణికులు, నిండా ఇంధనం.

మరి ఎందుకిలా పొరబడ్డారు? కెప్టెన్ నిద్ర లేచి అప్పటికే 19 గంటలు దాటింది. ఫస్ట్ ఆఫీసర్ లేచి 12 గంటలు దాటింది. టొరంటో టైమ్ ప్రకారం వాళ్ళ ఒంటికి అది తెల్లవారుజాము మూడు గంటలు. రెండు నుంచి ఆరు మధ్య మన ఒళ్ళు నిద్రనే కోరుకుంటుంది. నైట్ షిఫ్ట్ చేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అలసట అంటే కళ్ళు మూతపడటమే అనుకుంటాం. కళ్ళు తెరిచే ఉంటాయి. ముందే ఏమనుకున్నామో దాన్నే మెదడు చూపిస్తుంది, దానికి సరిపోని దాన్ని పక్కకి నెట్టేస్తుంది. ఇక్కడ పైలట్‌కి అనుమానమైతే వచ్చింది, అందుకే అడిగారు. “ఎవరూ లేరు” అన్న జవాబు రాగానే ఆ అనుమానం సద్దుమణిగింది.

[దగ్గరగా: హెడ్‌సెట్, మైక్ బటన్ మీద వేలు.]

పైలట్లకీ, టవర్‌లో కంట్రోలర్లు ఉండే ఏటీసీకీ మధ్య రీడ్‌బ్యాక్ అని ఒక పద్ధతుంది. కంట్రోలర్ చెప్పిన ఎత్తు, రన్‌వే నంబరు పైలట్ తిరిగి అప్పజెప్పాలి. తప్పుగా చెబితే కంట్రోలర్ వెంటనే దిద్దుతారు. చాలా మంచి పద్ధతి. కానీ అది తప్పుగా విన్నదాన్ని పట్టుకుంటుంది, తప్పుగా చూసినదాన్ని కాదు. ఆ రాత్రి రన్‌వే నంబరు ఇద్దరికీ సరిగ్గానే తెలుసు. పైగా ఆ సమయంలో టవర్‌లో ఒక్క కంట్రోలరే అన్ని పనులూ చూసుకుంటున్నారు.

పొరపాటు మొదట కనిపెట్టింది కింద ఉన్నవాళ్ళు. వరసలో మొదట ఉన్న యునైటెడ్ విమానం పైలట్ రేడియోలో అన్నారు: “ఇతనెక్కడికి వెళ్తున్నాడు? ట్యాక్సీవే మీదున్నాడు!” రెండో విమానం ల్యాండింగ్ లైట్లు వేసింది. ఎయిర్ కెనడా పైలట్లు అప్పటికే ఇంజిన్ పవర్ పెంచుతున్నారు, ఆ వెంటనే కంట్రోలర్ గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవమని, చెప్పారు. విమానం నేలకి 60 అడుగుల దాకా వచ్చి మళ్ళీ పైకి లేచింది. కింద నిలబడ్డ పెద్ద విమానాల తోకల ఎత్తు దాదాపు అంతే.

[కొన్ని సెకన్లు మౌనం.]

మంగళూరులో అలా జరగలేదు. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వస్తున్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 812. కాక్‌పిట్ రికార్డింగ్ రెండు గంటల పైచిలుకు. అందులో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రపోయారు, గురక వినిపించింది. ఏటీసీతో ఫస్ట్ ఆఫీసరే మాట్లాడుతూ వచ్చారు. మంగళూరు రాడార్ పనిచేయకపోవడంతో కిందికి దిగే అనుమతి ఆలస్యమైంది, విమానం ఉండాల్సినదానికన్నా ఎత్తులో ఉండిపోయింది. గాఢనిద్ర నుంచి లేచిన మనిషికి మత్తు వెంటనే వదలదు. గో అరౌండ్ చేద్దామని ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు అన్నారు. కెప్టెన్ దించడానికే చూశారు. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బయటపడ్డారు.

మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2024 జనవరిలో పైలట్ల డ్యూటీకి కొత్త రూల్స్ తెచ్చింది. వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలి, రాత్రి డ్యూటీలో ల్యాండింగులు రెండుకు మించకూడదు. 2025లో రెండు విడతలుగా అవి అమల్లోకి వచ్చాయి. డిసెంబరులో ఇండిగోకి పైలట్లు చాలక వేల ఫ్లైట్లు రద్దయ్యాయి, శంషాబాద్‌లోనూ జనం గంటల తరబడి పడిగాపులు కాశారు. అప్పుడు ఆ సంస్థకి 2026 ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చారు. సడలించింది రాత్రి డ్యూటీ రూల్స్‌నే. నాకు అది ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

[మళ్ళీ నల్లటి తెర, రెండు లైట్ల వరసలు.]