పెంబర్తి దాకా వెళ్ళొచ్చిన బాపు ట్రంపెట్

హాయ్ అండీ, నమస్తే. న్యూజెర్సీ నుంచి హనుమకొండకు వచ్చి పది రోజులైంది. ఈ రోజు వీడియో మొత్తం మా బాపు ట్రంపెట్ గురించే.

బాపు ముప్పై ఏళ్ళు పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదారు. ముందు పళ్ళు ఊడాక ఆపేశారు, పెదవులకు ఆనిక లేక ఊదడం కుదరలేదు. అప్పటి నుంచి అది పాత లుంగీలో చుట్టి సజ్జ మీదే ఉంది.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ముందున్న గరాటు మీద పూత ఇంకా ఉంది. దీన్ని లాకర్ అంటారు, ఇత్తడికి గాలి, చెమట తగలకుండా వేస్తారు. వేళ్ళతో నొక్కే వాల్వుల చుట్టూ, ఎడమ చెయ్యి పట్టుకునే చోట మాత్రం అది పూర్తిగా లేచిపోయి లోహం నల్లబడింది. అన్ని పెళ్ళిళ్ళ చెమట మరి.

నేనేం చేశానంటే, పూజ సామాను తోమినట్టు చింతపండు, ఉప్పు పెట్టి తోమేశాను. పూత ఉన్న చోట ఏమీ కాలేదు. లేని చోట గులాబీ రంగు తేలింది. బాపు చూసి ఏమీ అనలేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు నాకు.

పొద్దున్నే పెంబర్తికి వెళ్ళాం. జనగామ దాటగానే వస్తుంది. అక్కడి ఇత్తడి రేకు పనికి కాకతీయుల కాలం నాటి పేరుంది, జీఐ, అంటే ఫలానా ఊరి పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక పెద్దాయన ట్రంపెట్‌ను చేతిలోకి తీసుకుని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"తాతా, మిషన్ మీద బఫింగ్ పాలిష్ చేస్తే కొత్తగైతదా?" అని అడిగాను.

"మెరుస్తది బిడ్డా. గని రేకు అరుగుతది. బిందె లెక్క మందం లేదిది. ఉన్న పూతను ఉండనీ."

నేను చేసిన గులాబీ రంగు పైపైనే ఉందట, పులుపు వల్ల రాగి ఛాయ తేలిందంతే. ఇత్తడి అంటే రాగి, జింకు కదా. నోటి దగ్గరి గొట్టం మీద ఉన్న చిన్న ఎర్రచుక్కలే అసలు జబ్బు. అక్కడ జింకు పోయి రాగి మిగులుతుంది, అది లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. రుద్దితే పోదు, గొట్టమే మార్చాలి. అది తర్వాత చూద్దాం.

ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడిగాను. నీళ్ళు బాగా వేడిగా ఉంటే మిగిలిన పూత కూడా లేస్తుంది. గొట్టంలో బ్రష్ తిప్పితే పచ్చటి చిలుము ముద్దలా వచ్చింది. వాల్వుల మీద 1, 2, 3 అని ఉంటుంది. ఏది ఎక్కడిదో అక్కడే పెట్టాలి, మారిస్తే గాలి ఆడదు. పాలిష్ పూత లేని చోట మాత్రమే, అదీ తేలిగ్గా రుద్దాను. దాని మీద కారుకు రాసే వ్యాక్స్ రెండుసార్లు పట్టించి మెత్తటి గుడ్డతో తుడిచాను. వ్యాక్స్ లాకర్‌లాగా ఏళ్ళ తరబడి ఉండదు, మళ్ళీ మళ్ళీ రాస్తుండాలి. ఆ పని అమ్మ తీసుకుంది.

రాత్రి బాపు చేతికిచ్చాను. మెరుపు వైపు చూడనే లేదు. వాల్వులు మూడూ నొక్కి, మెల్లగా గాలి ఊది, గొట్టం కింద ఉమ్మినీళ్ళు వదిలే మీట దగ్గర వేలు పెట్టి చూశారు.

"గీడ కార్కు పోయిందే. గాలంత ఈడికెల్లే పోతాంది. రేపు మార్పియ్యాలె."


రేపు ఇద్దరం కలిసి కార్కు కోసం వెళ్తున్నాం.