వార్డులో విద్యార్థికి భావోద్వేగ ప్రజ్ఞ నేర్పడం ఎలా?

అందరికీ నమస్కారం.

బీపీ చూడటం నేర్పేటప్పుడు "అది నీకు పుట్టుకతోనే రావాలి" అని ఏ టీచరూ అనరు. కఫ్ (చేతికి కట్టే పట్టీ) ఎక్కడ చుట్టాలో చూపిస్తారు, తప్పుగా చుడితే విప్పించి మళ్లీ చుట్టిస్తారు. రోగి బాధను పసిగట్టడం, తన కంగారును తాను గుర్తించడం మాత్రం విద్యార్థి స్వభావానికే వదిలేస్తాం. అవీ నేర్పితే వచ్చేవే. నేర్పాల్సిన చోటు వార్డు.

భావోద్వేగ ప్రజ్ఞ, అంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనే భావనకు మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో శాస్త్రీయ రూపం ఇచ్చారు. తర్వాత 1997లో దాన్ని నాలుగు సామర్థ్యాలుగా విడదీశారు: భావాన్ని గుర్తించడం, ఆలోచనకు వాడుకోవడం, అది ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవడం, సరిగ్గా నడిపించడం. మన విద్యార్థులు మొదటిది వదిలేసి నేరుగా నాలుగోదానికి వెళ్తారు. లోపల ఏముందో చూడకుండానే బిగబట్టుకుంటారు. దానివల్ల నష్టముంది. భావం ముఖంలో కనపడకుండా అణచుకున్నవాళ్లకు ఆ సమయంలో విన్న వివరాలు తక్కువగా గుర్తున్నాయని మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ బృందం ప్రయోగాల్లో తేలింది. హిస్టరీ (రోగి జబ్బు వివరాలు) అడిగి తీసుకుంటున్న విద్యార్థి అలా బిగుసుకుపోతే, రోగి చెప్పిన అలర్జీ చెవిన పడీ పడనట్టు జారిపోవచ్చు.

ఒక సందర్భం చూద్దాం. నర్సింగ్ విద్యార్థిని కాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెడుతోంది. నరం దొరకలేదు. "ఇంకెన్నిసార్లు గుచ్చుతావమ్మా?" అన్నాడు రోగి. ఆమె చేతులు చెమట పట్టాయి. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు రెండు: పరువు పోయిందన్న తొందరలో వెంటనే మళ్లీ గుచ్చడం, లేదా "ఏం కాదులెండి" అని నవ్వేయడం.

చేయాల్సింది ఇది. కాన్యులా తీసేసి, దూదితో ఆ చోటు ఒత్తి పట్టుకోవాలి. ఎలాగూ ఒత్తుతూ ఉండాలి కాబట్టి ఆ కాస్త వ్యవధి చాలు. మనసులోనే తన భావానికి పేరు పెట్టాలి: "నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది." "టెన్షన్" అంటే సరిపోదు, ఏ భావమో తేల్చాలి. భావానికి మాటతో పేరు పెడితే మెదడులో భయం లాంటి భావాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గుతుందని శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపించింది. ఆ తర్వాత ఊపిరి నెమ్మదిగా వదిలి, రోగి కళ్లలోకి చూసి చెప్పాలి: "నొప్పి పుట్టింది, విసుగొచ్చింది కదండీ. ఒక్క నిమిషం ఆగుదాం. ఈసారీ దొరక్కపోతే సీనియర్ సిస్టర్‌ని పిలుస్తాను." అన్న మాట నిలబెట్టుకోవాలి, మూడోసారి తానే ప్రయత్నించకూడదు.

"రిపోర్టులో ఏమొచ్చింది?" అని బంధువు అడిగినప్పుడు చాలామంది విద్యార్థులు "నాకు తెలియదండీ" అని తప్పుకుంటారు. ఫలితం చెప్పే అధికారం విద్యార్థికి లేదు, నిజమే. కానీ ఆ ప్రశ్న వెనక భయం ఉంది. "ఎదురుచూడటం కష్టంగా ఉన్నట్టుంది. ఫలితం డాక్టరుగారే చెప్పాలి, మీరు అడుగుతున్నారని ఇప్పుడే చెబుతాను" అనొచ్చు. ఎదుటివాళ్లు ఏడిస్తే కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం. "ఏడవకండి", "నాకు అర్థమైంది" అన్న రెండు మాటలూ సంభాషణను అక్కడికక్కడే మూసేస్తాయి. మౌనాన్ని కూడా జంటలుగా కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయించాలి.

అమెరికాలో ఒక మెడికల్ కాలేజీ విద్యార్థులపై మొహమ్మద్‌రెజా హోజత్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రోగుల దగ్గరికి ఎక్కువగా వెళ్లే మూడో ఏడాదిలోనే సహానుభూతి స్కోర్లు గణనీయంగా పడిపోయాయి. అవి విద్యార్థులు తమ గురించి తాము ఇచ్చుకున్న జవాబులే, అయినా పడిపోయిన చోటు చూడండి. పని భారం, నిద్రలేమి, రోగి ముందే విద్యార్థిని కసిరే పెద్దలు ఇవన్నీ అక్కడే ఎదురవుతాయి. రోగితో మృదువుగా ఉండమని చెబుతూ విద్యార్థిని అవమానించే టీచరు నేర్పేది అవమానాన్నే.

అందుకే షిఫ్టు ముగిశాక, రోగికి వినపడని చోట, పది నిమిషాలు కేటాయించండి. మూడు ప్రశ్నలు చాలు: రోగిలో ఏం గమనించావు? అప్పుడు నీలో ఏం జరిగింది? దానివల్ల నీ పనిలో ఏం మారింది? మొదట టీచరే జవాబు చెప్పాలి, లేకపోతే పిల్లలు నోరు విప్పరు. మార్కులు వేయొద్దు, వేస్తే మనకు నచ్చే జవాబే వస్తుంది.

కొలవడంలోనూ జాగ్రత్త అవసరం. స్వీయ ప్రశ్నావళి చెప్పేది విద్యార్థి తన గురించి ఏమనుకుంటున్నాడో మాత్రమే. ఆ స్కోరుతో సీట్లు, ర్యాంకులు తేల్చొద్దు. వార్డులో నిలబడి చూసి, ఒక్క ప్రవర్తన ఎంచుకుని, ఆ రోజే చెప్పండి: "ఆమె ఏడుస్తుంటే నువ్వు కేస్ షీట్ వైపు చూశావు. రేపు షీట్ పక్కన పెట్టి కూర్చో."