లీట్రిమ్ కౌంటీలో టౌన్‌ల్యాండ్ వెతకడం ఎలా?

అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లోని లీట్రిమ్ కౌంటీలో ఒక టౌన్‌ల్యాండ్‌ని వెతికి, 1850లలో అక్కడి పొలం ఎవరు సాగు చేసేవారో చూసేదాకా ఈ వీడియోలో వెళ్దాం. వాడేవన్నీ ఉచిత వెబ్‌సైట్లే.

పేరులో టౌన్ ఉందని పట్టణం అనుకోకండి. మన రెవెన్యూ గ్రామంలా ఇది హద్దులున్న నేల. మనకు బేచిరాగు గ్రామాలున్నట్టే, ఒక్క ఇల్లూ లేని టౌన్‌ల్యాండ్లూ ఉంటాయి. కొన్ని టౌన్‌ల్యాండ్లు కలిస్తే సివిల్ పారిష్. ఆ పైన బారనీ, ఆ పైన కౌంటీ. లీట్రిమ్‌లో బారనీలు 5, సివిల్ పారిష్‌లు 17.

ఐర్లండ్ స్థల నామాల సైట్, ఎల్ ఓ జి ఎ ఐ ఎన్ ఎమ్ డాట్ ఐఇ తెరవండి. చాలామంది టౌన్‌ల్యాండ్ పేరు కొట్టేసి, మొదట వచ్చినదాన్నే పట్టుకుంటారు. అక్కడే దారి తప్పుతుంది, ఎందుకంటే ఒకే పేరు పది కౌంటీల్లో ఉండొచ్చు. ముందు సివిల్ పారిష్ తేల్చుకోండి. ఉదాహరణకు బాలినమోర్ ఊరు ఊటెరా పారిష్‌లో, క్యారిగాలెన్ బారనీలో ఉంది. ఇప్పుడు క్యారిగాలెన్ అని వెతకండి: బారనీ, పారిష్, ఊరు, మూడూ అదే పేరుతో వస్తాయి. పేరు పక్కనే అది ఏ రకమో రాసి ఉంటుంది, అది చూసి పారిష్ మీద నొక్కండి. దాని కింద టౌన్‌ల్యాండ్ల జాబితా వస్తుంది. అందులోంచే ఎంచుకోండి.

స్పెల్లింగ్ కూడా ఇబ్బంది పెడుతుంది. డ్రొమహేర్ ఊరి పేరు డి ఆర్ ఓ ఎమ్‌తో మొదలవుతుంది, అదే పేరున్న బారనీ డి ఆర్ యు ఎమ్‌తో. ఒకటి దొరక్కపోతే రెండోది కొట్టండి.

ఇక గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847 నుంచి 1864 దాకా దేశమంతా జరిగిన పన్ను మదింపు ఇది. ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైట్‌లో ఊరి పేరుతో వెతికే పేజీకి వెళ్లి, ఇందాకటి పారిష్, టౌన్‌ల్యాండ్ ఇవ్వండి. వచ్చిన పేజీలో ఎడమ చివరి గడి చూడండి. అంకె కమతం నంబరు. పక్కన పెద్ద అక్షరం ఉంటే, 3ఎ, 3బి అన్నట్టు, అదే కమతంలో విడిగా ఉన్న ముక్క. చిన్న అక్షరం ఇంటికి గుర్తు. తర్వాత సాగుదారు, భూమి కౌలుకిచ్చినవారు, విస్తీర్ణం, విలువ. విస్తీర్ణం ఎకరా, రూడ్, పెర్చ్‌లలో ఉంటుంది: 40 పెర్చ్‌లు ఒక రూడ్, 4 రూడ్‌లు ఒక ఎకరా.

ఆ నంబరుతో మ్యాప్‌లో పొలం వెతికితే ఒక్కోసారి సరిపోదు. సైట్‌లో పెట్టిన మ్యాపుల్లో కొన్ని, పుస్తకం అచ్చయ్యాక తిరగరాసినవి. అప్పుడు నంబరు పక్కనపెట్టి విస్తీర్ణం, పక్క కమతాలు పోల్చి చూసుకోండి.

1901, 1911 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉన్నాయి. అక్కడ మాత్రం పారిష్ పేరు పనిచేయదు, వాళ్ల వరుస కౌంటీ, డీఈడీ, టౌన్‌ల్యాండ్. డీఈడీ అంటే ఎన్నికల డివిజన్, దాని హద్దులు వేరు. అది తెలియకపోతే ఖాళీగా వదిలి, కౌంటీ, టౌన్‌ల్యాండ్ మాత్రమే నింపండి. వచ్చిన ఫలితాల్లో డీఈడీ పేరు కనిపిస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. రెండో సంవత్సరం లెక్క వెతికేటప్పుడు అదే పనికొస్తుంది.