చలికాలపు డిప్రెషన్‌కు లైట్ థెరపీ: దీపం ఎంత దూరంలో, ఏ వేళలో?

[తెరపై: అమెరికాలోని సియాటిల్ నగరం, డిసెంబరు, సాయంత్రం 4.20. వీధి దీపాలు వెలిగి ఉన్నాయి.]

డిసెంబరులో హైదరాబాదు పగలు సుమారు 11 గంటలుంటే, సియాటిల్‌లో సుమారు ఎనిమిదిన్నర గంటలే. అందులోనూ చాలా రోజులు మబ్బే. అక్కడ చదువులకో, ఉద్యోగాలకో స్థిరపడిన మనవాళ్లలో కొందరికి ఏటా ఆ రోజుల్లోనే నిద్ర ఎక్కువై, తీపి మీదికీ అన్నం మీదికీ మనసు పోయి, ఏ పనీ చేయబుద్ధి కాదు. ఇంటి మీద బెంగ అని సరిపెట్టుకుంటారు. వరుసగా కనీసం రెండేళ్లు ఇలా చలికాలంలో మొదలై వసంతంలో తగ్గిపోతే మాత్రం అది సీజనల్ డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించుకోవాలి.

దీనికి వెలుగే మందు కావచ్చన్న ఆలోచన అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో రూపుదిద్దుకుంది. గదిలోని మామూలు దీపాలకు తగ్గని మెలటోనిన్ (రాత్రివేళ ఊరి నిద్రకు సాయపడే హార్మోను) ప్రకాశవంతమైన వెలుతురుకు తగ్గుతుందని ఆల్ఫ్రెడ్ లూయీ బృందం 1980లో చూపింది. ఈ వ్యాధిని నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో వివరించింది. ఏళ్ల తరబడి తన మనోస్థితిని నోటుబుక్కుల్లో రాసుకున్న ఒక ఇంజనీరు స్వయంగా వారి దగ్గరకు రావడం ఈ పరిశోధనకు ఊతమిచ్చింది.

[తెరపై: వెలుతురును లక్స్ అనే కొలమానంలో చూపే మీటరు. ఆఫీసు గదిలో 400. ఆరుబయట మబ్బు పగటిలో కొన్ని వేలు.]

మన కంటికి గది వెలుతురు సరిపోయినట్టే ఉంటుంది, కానీ నిద్ర, మెలకువల వేళలను నడిపే మెదడులోని గడియారానికి అది చాలదు. ఆ గడియారానికి కబురు పంపేవి కంటి వెనుక పొర అయిన రెటీనాలో, వెలుతురును పసిగట్టే మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ప్రత్యేక కణాలు కాబట్టి, చికిత్స వేళ కళ్లు తెరిచే ఉంచాలి. అయితే దీపంవైపు గుచ్చి చూడనక్కర్లేదు, దానిని కాస్త పక్కగా పెట్టుకొని టిఫిన్ తినవచ్చు, పేపరు చదవవచ్చు.

సాధారణ మోతాదు 10,000 లక్స్, నిద్ర లేచిన వెంటనే, రోజూ అరగంట. ఇక్కడే కొనేవారు మోసపోతారు: పెట్టె మీద రాసిన 10,000 ఎంత దూరానికో చూడాలి. 30 సెంటీమీటర్ల దగ్గర ఆ వెలుతురిచ్చే దీపాన్ని 60 సెంటీమీటర్లకు జరిపితే ముఖం మీద పడేది సగం కూడా ఉండదు. అతినీలలోహిత కిరణాలను వడకట్టే దీపమే కొనాలి. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది.

కెనడాలో 96 మందితో జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, 8 వారాల తర్వాత లైట్ థెరపీ పొందినవారిలోనూ, డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ మాత్ర వేసుకున్నవారిలోనూ 67 శాతం మందికి గుణం కనిపించింది. మాత్రకు దీటుగా నిలిచిన దీపాన్ని చిట్కా వైద్యమని కొట్టిపారేయడం సబబు కాదని నా అభిప్రాయం.

తలనొప్పి, కళ్ల అలసట, వికారం కొందరికి వస్తాయి. సాధారణంగా వాటంతట అవే తగ్గుతాయి. బైపోలార్ (మనసు కుంగుబాటుకూ, విపరీతమైన ఉద్రేకానికీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవారిలో ఈ వెలుతురు ఆ ఉద్రేకపు, అంటే ఉన్మాద, దశను రేపగలదు గనుక వారూ, రెటీనా జబ్బులున్నవారూ, శరీరానికి వెలుతురు పడకుండా చేసే మందులు వాడేవారూ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గుణం ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది. మధ్యలో మానేస్తే లక్షణాలు తిరగబెడతాయి కాబట్టి వసంతం దాకా కొనసాగించాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడు మాత్రం ఆ రెండు వారాలు కూడా ఆగకుండా వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి.